పాకం పడితే... తాయిలం ఇంట్లోనే!

ఒవెన్ లేదు... బేకింగ్ రాదు... ఖరీదైన అచ్చులూ లేవు. అయినా సరే, ఇంట్లో మిఠాయి చేసుకోవచ్చు! ఓ బాణలి, ఓ గరిటె, పక్కన గిన్నెడు చన్నీళ్లు ఉంటే చాలు. హిమాయత్‌నగర్ నుంచి అశోక్‌నగర్ దాకా దుకాణాల అరల్లో ఊరించే పల్లీపట్టీ, మరమరాల ఉండ, కొబ్బరి లౌజు... వీటన్నిటి వెనకా ఉన్న కిటుకు ఒక్కటే. అదే పాకం!

సాయంత్రమైతే చాలు, హిమాయత్‌నగర్ మెయిన్‌రోడ్డు తీపి వాసనేస్తుంది. ఓ పక్క బేకరీలు, మరో పక్క నేతి మిఠాయిల దుకాణాలు. నారాయణగూడ దాటి చిక్కడపల్లి వైపు వస్తే స్వగృహ ఫుడ్స్ బోర్డులు పలకరిస్తాయి. అద్దాల వెనక పల్లీపట్టీలు, నువ్వుల ఉండలు, మరమరాల ఉండలు, కొబ్బరి లౌజు... ఏది కావాలంటే అది తూకం వేసి చేతిలో పెడతారు.

ఆ బోర్డు మీది మాట ఒక్కసారి విడదీసి చదవండి. స్వగృహ... అంటే సొంతిల్లు! ఇంట్లో చేసుకునేదాన్ని ఇంటి పేరు పెట్టుకున్న దుకాణంలో కొనుక్కోవడం మనకిప్పుడు మామూలైపోయింది. తప్పేమీ కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇళ్లలో పండక్కి నాలుగు రకాలు కావాలంటే మరో దారి లేదు. అలాంటి దుకాణాల్లో పిండివంటలు చేస్తూ సంసారాలు నెట్టుకొస్తున్న ఆడవాళ్లూ ఎందరో ఉన్నారు. కానీ బడి నుంచి వచ్చిన పిల్లాడి చేతిలో పెట్టే చిన్న తాయిలానికి కూడా బజారుకే పరుగెత్తాలా? పల్లీలు ఇంట్లోనే ఉన్నాయి. బెల్లమూ ఉంది. పని చూస్తే అరగంట. మరి ఎందుకు మానేశాం?

ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే... 'పాకం కుదరదు!' ఒకరింట్లో రాయిలా బిగుసుకుపోయి రోకలి తేవాల్సి వస్తుంది. మరొకరింట్లో ఎంతసేపు చూసినా గట్టిపడక చెంచాతో తినాల్సి వస్తుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరు మాత్రం బాణలి పెడతారు? అమ్మమ్మ చేతిలో ఉన్న విద్య అమ్మ దాకా సగమే వచ్చింది. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. దాన్ని మళ్లీ అందుకోవడం అనుకున్నంత కష్టమేమీ కాదు.

ఒవెన్ బేకరీది... పొయ్యి మనది

హైదరాబాద్‌కు ఒవెన్ కొత్త కాదు. ఉస్మానియా బిస్కెట్, దమ్ కే రోట్ లాంటివన్నీ దాని చలవే. కానీ అది బేకరీలో ఉండేది. ఇంటి మిఠాయికి మాత్రం దానితో పనిపడలేదు. తెలుగునాట పేరుమోసిన తీపి వంటకాలు తీసుకోండి. ఆత్రేయపురం పూతరేకు పుట్టేది బోర్లించిన కుండ మీద. బందరు లడ్డూకి కావాల్సింది నూనె మూకుడు, రోలు, పాకం. తాపేశ్వరం కాజా నూనెలో వేగి పాకంలో మునుగుతుంది. వీటిలో దేనికీ ఒవెన్ అక్కర్లేదు. రేకు పల్చన, లడ్డూ మెత్తన, కాజా రసం... అంతా చేతివాటమే.

అందుకే 'నో బేక్' అంటూ ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న మాట మన వంటింటికి చాలా పాతది. ఇంకా చెప్పాలంటే, మనవాళ్లు నిప్పు కూడా రాజెయ్యకుండానే మిఠాయి చేసేశారు!

నిప్పుతో పనిలేని తీపి

నాగుల చవితికి పుట్ట దగ్గరికి పాలతో పాటు తీసుకెళ్లేవి గుర్తున్నాయా? చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి దంచితే పచ్చి చలిమిడి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి. నానబెట్టిన పెసరపప్పు వడపప్పు. మూడింటిలో దేనికీ పొయ్యి వెలిగించే పనిలేదు.

తెలంగాణ ఇళ్లలో బతుకమ్మ తొమ్మిది రోజుల్లో కొన్నిటిదీ ఇదే పద్ధతి. నానబియ్యం బతుకమ్మ నాడు నానిన బియ్యంలో పాలు, బెల్లం. వెన్నముద్దల బతుకమ్మ నాడు నువ్వులు, బెల్లం, వెన్న లేదా నెయ్యి కలిపిన ముద్దలు. చివరి రోజు మలీద ముద్దలు... రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్ద కట్టడమే! రొట్టె కాల్చడం వరకే నిప్పు, తర్వాతదంతా చేతి పని. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ, తెలంగాణవాళ్లూ, మరాఠీ కుటుంబాలూ పక్కపక్కనే ఉండే ఈ పేటల్లో ఒకరి తీపి ఇంకొకరి ఇంటికి వెళ్లడం మామూలే. సంక్రాంతికి మరాఠీవాళ్లు నువ్వులు-బెల్లం తిళ్‌గుళ్ పంచుతూ, తీపి తిని తీపిగా మాట్లాడమంటారు. దినుసులు అవే. పండగ పేరే వేరు.

చిమ్మిలిలో ఉన్న చమత్కారం ఏమిటో తెలుసా? నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. దంచుతుంటే అది బయటికి వచ్చి బెల్లంతో కలిసి ముద్దను పట్టి ఉంచుతుంది. అందుకే దీనికి పాకమూ వద్దు, నెయ్యీ వద్దు. పిల్లలతో మొదటిసారి మిఠాయి చేయించాలనుకుంటే ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

చిమ్మిలి

కావలసినవి: నువ్వులు- కప్పు, బెల్లం తురుము- ముప్పావు కప్పు, యాలకుల పొడి- పావు చెంచా.

తయారీ: నువ్వుల్ని శుభ్రం చేసి పొడిగా ఉంచుకోవాలి. పచ్చివి ఇష్టం లేకపోతే సన్నని సెగ మీద చిటపటలాడే దాకా వేయించి చల్లార్చుకోవచ్చు. రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, బెల్లం తురుము, యాలకుల పొడి వేసి మళ్లీ దంచాలి. ముద్ద అవుతుందనగా తీసి ఉండలు చుట్టాలి. మిక్సీలో అయితే ఒక్కసారే తిప్పేయకుండా ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువ తిరిగితే నూనె మొత్తం వదిలి జారుగా అయిపోతుంది.

ఖర్జూరం ఉండలు

కావలసినవి: గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు- 200 గ్రాములు, జీడిపప్పు, బాదం, పల్లీలు కలిపి- 100 గ్రాములు, నువ్వులు లేదా ఎండుకొబ్బరి పొడి- కొద్దిగా.

తయారీ: పప్పులన్నీ దోరగా వేయించి పలుకుగా దంచుకోవాలి. ఖర్జూరాలను చేత్తో మెదిపి, పప్పుల పలుకులు కలిపి ఉండలు చేసి, నువ్వుల్లోనో కొబ్బరి పొడిలోనో దొర్లించాలి. పంచదారా బెల్లమూ అసలే అక్కర్లేదు. ఖర్జూరంలోని తీపే సరిపోతుంది.

పాకం లెక్క ఇదీ!

ఇక అసలు సంగతికొద్దాం. పాకం అంటే ఏమిటి? పంచదారో బెల్లమో నీళ్లలో కరిగి మరుగుతుంటే నీరు ఆవిరైపోతూ ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ తీపి చిక్కబడుతుంది. చిక్కబడేకొద్దీ వేడి పెరుగుతుంది. పాకం ఎంత వేడెక్కిందో తెలిస్తే అందులో నీరు ఎంత మిగిలిందో తెలిసినట్టే. మిఠాయి చల్లారాక మెత్తగా ఉంటుందా, సాగుతుందా, పటుక్కున విరుగుతుందా అన్నది ఆ మిగిలిన నీటిని బట్టే ఉంటుంది.

తీగపాకం: వేలికి అంటించుకుని మరో వేలితో తాకి విడదీస్తే తీగలా సాగుతుంది. వేడి సుమారు 110 డిగ్రీల సెంటీగ్రేడ్. అప్పటికి పాకంలో అయిదో వంతు నీరు ఇంకా ఉంటుంది. బూందీ లడ్డూకి ఇది సరిపోతుంది.

ఉండపాకం: చన్నీళ్లలో చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. 112 నుంచి 116 డిగ్రీలు. అరిసెలకు కావాల్సింది ఇదే. ఇంకాసేపు ఉంచి 121 డిగ్రీలు దాటిస్తే నొక్కినా ఆకారం చెడని గట్టి ఉండ అవుతుంది. మరమరాల ఉండలు నిలబడాలంటే ఈ దశ రావాలి.

ముదురుపాకం: నీళ్లలో వేసిన చుక్క గాజుముక్కలా బిగుసుకుంటుంది. వంచితే వంగదు, టప్పున విరుగుతుంది. గిన్నె అంచుకేసి కొడితే టంగుమంటుంది. సుమారు 150 డిగ్రీలు. నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగులుతుంది. పల్లీపట్టీ కరకరలాడాలంటే ఇక్కడిదాకా రావాల్సిందే. ఇంకో 15 డిగ్రీలు దాటితే పంచదార మాడి చేదెక్కుతుంది. బెల్లమైతే అంతకంటే ముందే!

ఉండపాకం నుంచి ముదురుపాకానికి చేరడానికి పట్టేది కొద్ది నిమిషాలే. తప్పులన్నీ జరిగేది ఆ కొద్ది నిమిషాల్లోనే. పాకం పొయ్యి మీద ఉండగా ఫోన్ ఎత్తకూడదని చెప్పేది అందుకే.

ఇంత లెక్క ఉంది కదా, మరి థర్మామీటరు కొనాలా? అక్కర్లేదు. పైగా హైదరాబాద్‌లో అది చిన్న తిరకాసు కూడా పెడుతుంది. పుస్తకాల్లో రాసే డిగ్రీలు సముద్రమట్టానికి లెక్కగట్టినవి. మన నగరం అంతకంటే 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 98 దగ్గరే మరుగుతాయి. పాకమూ అంతే... పుస్తకంలో 150 అని ఉంటే ఇక్కడ 148కే ఆ దశకు వచ్చేస్తుంది. అమ్మమ్మ పక్కన పెట్టుకునే చన్నీళ్ల గిన్నెకు మాత్రం ఈ గొడవ లేదు. అది వేడిని కొలవదు. చుక్క గట్టిపడిందా లేదా అన్నదే చెబుతుంది. బందరులో చేసినా, చిక్కడపల్లిలో చేసినా ఉండ ఉండే!

బెల్లమా... పంచదారా?

పంచదార పాకానికి ఓ చెడ్డ గుణం ఉంది. మరుగుతుండగా గరిటెతో తిప్పినా, గిన్నె అంచుకు అంటిన పలుకు ఒక్కటి లోపల పడినా, ఉన్నట్టుండి పాకమంతా మళ్లీ పలుకులు కట్టేస్తుంది. అందుకే కరిగేదాకా కలిపి, మరగడం మొదలయ్యాక గరిటె తీసేయాలి. ఓ అరచెంచా నిమ్మరసం వేస్తే ఇంకా మంచిది. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అవి మధ్యలో అడ్డు తగులుతుంటే పలుకు కట్టడానికి వీలుండదు. కర్మాగారాల్లో ఇదే పనికి గ్లూకోజ్ సిరప్ వాడతారు. 1952లో చిత్తూరులో మొదలై దేశమంతా తెలిసిన న్యూట్రిన్ లాంటి బిళ్లలకైనా, మన ఇంట్లో చేసే నిమ్మ బిళ్లకైనా సూత్రం ఇదే.

బెల్లంలో ఆ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సహజంగానే కొంత ఉంటాయి. కాబట్టి ధైర్యంగా కలుపుతూ ఉండొచ్చు. కొత్తగా చేసేవాళ్లకు బెల్లమే మంచి గురువు. అయితే దానికీ ఒక బలహీనత ఉంది... గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటుంది. వానాకాలంలో చేసిన పల్లీపట్టీ మర్నాటికి చేతికి అంటుకునేది ఇందుకే.

బెల్లం కొనేటప్పుడు పచ్చగా మెరిసిపోయే దాని కోసం చూడకండి. రంగు తేలడానికి కొన్నిచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కాస్త ముదురు గోధుమరంగులో ఉన్నదే మేలు. మిఠాయికైతే గట్టిగా, పొడిగా ఉండి, కొడితే పలుకుగా విరిగే బెల్లం కావాలి. మెత్తగా, జిగురుగా ఉన్నది పాయసానికి పనికొస్తుంది కానీ పట్టీకి కుదరదు. మట్టి, పీచు పోవాలంటే ముందుగా కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టుకోవాలి.

పల్లీపట్టీ

హైదరాబాద్‌లో పల్లీపట్టీ, కోస్తాలో వేరుశెనగ అచ్చు, బయటి రాష్ట్రాల్లో చిక్కీ... పేరేదైనా రుచి ఒకటే.

కావలసినవి: పల్లీలు- 200 గ్రాములు, బెల్లం- 150 గ్రాములు, నీళ్లు- రెండు పెద్ద చెంచాలు, నెయ్యి- చెంచా, వంటసోడా- చిటికెడు.

తయారీ: పల్లీలను సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించాలి. హడావుడి పడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చల్లారాక పొట్టు తీసి బద్దలు చేసుకోవాలి. పళ్లేనికి, చపాతీ కర్రకు ముందే నెయ్యి రాసి ఉంచుకోవాలి... పాకం వచ్చాక వెతుక్కునే సమయం ఉండదు. మందపాటి బాణలిలో బెల్లం, నీళ్లు వేసి కరిగించి వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. నురగ పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకు మారుతున్నప్పుడు సెగ తగ్గించి, అర నిమిషానికోసారి చన్నీళ్లలో చుక్క వేసి చూడాలి. చుక్క టప్పున విరగ్గానే పొయ్యి కట్టేసి, నెయ్యి, సోడా వేయాలి. సోడా పడగానే పాకం పొంగి రంగు తేలుతుంది. ఆ సన్నటి గాలి బుడగల వల్లే పట్టీ పంటికి గుల్లగా తగులుతుంది. వెంటనే పల్లీలు కలిపి పళ్లెంలో పోసి కర్రతో ఒత్తాలి. వేడి మీదే చాకుతో గాట్లు పెడితే చల్లారాక ముక్కలు విడివిడిగా వస్తాయి. ఇరవై ముక్కలదాకా అవుతాయి.

మరమరాల ఉండలు

రాయలసీమలో బొరుగులంటారు. నాలుగు కప్పుల మరమరాలను బాణలిలో కరకరలాడేలా వేడిచేసి పక్కన పెట్టుకోవాలి. 150 గ్రాముల బెల్లాన్ని గట్టి ఉండపాకం పట్టి, పొయ్యి కట్టేసి మరమరాలు, యాలకుల పొడి వేసి గబగబా కలపాలి. చేతులు తడిచేసుకుని, చెయ్యి పట్టగలిగే వేడికి రాగానే ఉండలు చుట్టాలి. మధ్యలో గట్టిపడితే బాణలిని ఒక నిమిషం సన్నని సెగ మీద పెడితే మళ్లీ దారికొస్తుంది.

కొబ్బరి లౌజు

రెండు కప్పుల పచ్చికొబ్బరి తురుముకు కప్పు బెల్లం తురుము. రెండూ బాణలిలో వేసి మధ్యస్థంగా ఉన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. కొబ్బరిలోని తడికే బెల్లం కరుగుతుంది. మిశ్రమం అంచులు వదిలి ముద్దగా దగ్గరపడ్డాక కొద్దిగా తీసి ఉండ చేస్తే నిలవాలి. యాలకుల పొడి, చెంచా నెయ్యి వేసి దించి, వెచ్చగా ఉండగానే ఉండలు చేయాలి. పాకమంటే మరీ భయపడేవాళ్లు దీనితో చెయ్యి తిప్పుకోవచ్చు. కాస్త అటూ ఇటూ అయినా చెడిపోదు.

నిమ్మ-శొంఠి బిళ్లలు

కప్పు పంచదార, పావు కప్పు నీళ్లు, అరచెంచా నిమ్మరసం పొయ్యి మీద పెట్టి, కరిగాక కలపకుండా ముదురుపాకం రానివ్వాలి. దించి చెంచా శొంఠిపొడి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో చిన్న చెంచాతో బిళ్లలుగా వదలాలి. చల్లారాక ఒకదానికొకటి అంటుకోకుండా పంచదార పొడిలో దొర్లించి సీసాలో వేసుకోవాలి.

పిల్లలు చాక్లెట్టే కావాలంటే...

పల్లీపట్టీ చూపిస్తే మొహం తిప్పుకుని 'చాక్లెట్ కావాలి' అనే పిల్లలూ ఉంటారు. దానికీ ఒవెన్ అక్కర్లేదు. బజారులో దొరికే చాక్లెట్ దిమ్మల్లో రెండు రకాలున్నాయి. కోకో బటర్‌తో చేసింది ఒకటి. అది రుచిగా ఉంటుంది కానీ కరిగించి, చల్లార్చి, మళ్లీ సరైన వేడికి తేవాలి. లేకపోతే తెల్లటి మచ్చలు పడుతుంది. వేరే వనస్పతి కొవ్వుతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ రెండోది. దీనికి ఆ తంటా లేదు.

200 గ్రాముల కాంపౌండ్‌ను తురిమి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించాలి. ఒక్క నీటిచుక్క పడినా ముద్దకట్టిపోతుంది, కాబట్టి గరిటె పూర్తిగా పొడిగా ఉండాలి. కరిగాక వేయించిన పల్లీ పలుకులో మరమరాలో గుప్పెడు కలిపి, బటర్ పేపరు మీద చెంచాతో వేసి పావుగంట ఫ్రిజ్‌లో పెడితే సరి. అచ్చులే కావాలనుకుంటే బేగంబజార్‌లో దొరుకుతాయి. లేదంటే ఫ్రిజ్‌లోని ఐసు ట్రే ఉండనే ఉంది!

అశోక్‌నగర్ గదిలోకి ఏం పంపాలి?

ఇంటి మిఠాయి విలువ బాగా తెలిసినవాళ్లు అశోక్‌నగర్‌లో ఉంటారు. గ్రూప్స్, సివిల్స్ పరీక్షల కోసం ఊళ్లనుంచి వచ్చి హాస్టల్ గదుల్లో సర్దుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటే మళ్లీ లేచేది ఆకలేసినప్పుడే. మెస్ భోజనానికీ భోజనానికీ మధ్య ఊరి నుంచి వచ్చిన డబ్బాయే దిక్కు. గదిలో ముగ్గురుంటే డబ్బా మూత తీసిన సాయంత్రానికే అడుగు కనిపిస్తుంది.

అలా పంపే తల్లులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ముదురుపాకంతో చేసిన పట్టీలో నీరు దాదాపు ఉండదు. నీరు లేనిచోట బూజు పట్టదు. తేమ తగలని డబ్బాలో వేస్తే రెండు మూడు వారాలు హాయిగా నిలవుంటుంది. ఎక్కువ రోజులుంటే పల్లీల్లోని నూనె కమరు వాసన వస్తుందంతే. వేయించిన నువ్వులతో చేసిన ఉండలకూ తొందరపడాల్సిన పనిలేదు. పచ్చికొబ్బరి లౌజు సంగతి అలా కాదు. అందులో తడి ఉంటుంది, బయట ఉంచితే రెండు మూడు రోజులకు మించదు. పచ్చి చలిమిడి ఆ రోజుదారోజే తినేయాలి. బస్సులో వెళ్లే డబ్బాలో పట్టీలు పెట్టండి. లౌజు మాత్రం పిల్లలు ఇంటికి వచ్చినప్పుడే! ఇంకో జాగ్రత్త... వేడి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. లేకపోతే లోపల పట్టే ఆవిరే శత్రువవుతుంది.

రంగు చూసి మోసపోవద్దు

ఇంట్లో చేసుకుంటే వచ్చే పెద్ద లాభం డబ్బు కాదు. లోపల ఏముందో మనకు తెలియడం. హైదరాబాద్ పిల్లలు 'బుడ్డీ కే బాల్' అని పిలిచే పీచుమిఠాయి సంగతే చూడండి. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించాయి. కారణం... నమూనాల్లో బట్టలకు వేసే రోడమిన్-బి అనే గులాబీ రంగు కనిపించడం. మరుసటి నెలలో కర్ణాటక కూడా పీచుమిఠాయిలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. పీచుమిఠాయి అంటే వట్టి పంచదారే కదా అనుకున్న తల్లిదండ్రులు ఉలిక్కిపడ్డారు.

పల్లీపట్టీకి ఆ భయం లేదు. దాని రంగు బెల్లం రంగే. అలాగని 'బెల్లమే కదా' అనుకుంటూ డబ్బా ఖాళీ చేయడమూ సరికాదు. ఇనుము లాంటివి కొద్దిగా ఉన్నా, బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. మధుమేహం ఉన్నవాళ్లకు అది మినహాయింపేమీ కాదు. విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదనీ, అందులో సగానికి, అంటే పెద్దవాళ్లకు 25 గ్రాములకు, తగ్గించుకుంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పైన చెప్పిన కొలతతో చేసిన ఒక్కో ముక్కలో ఏడున్నర గ్రాముల బెల్లం ఉంటుంది. ముక్కో, రెండు ముక్కలో తిని నోరు పుక్కిలిస్తే పళ్లకూ మంచిదే.

చెయ్యి కాలకుండా...

మరిగే నీటికంటే మరిగే పాకం ప్రమాదకరం. వేడి ఎక్కువ, పైగా చర్మానికి అంటుకుంటే వదలదు. అందుకే...
- పాకం పొయ్యి మీద ఉన్నంతసేపు పిల్లల్ని వంటింటి గడప అవతలే ఉంచాలి. పల్లీల పొట్టు ఊదడం, చిమ్మిలి ఉండలు చుట్టడం వాళ్లకు అప్పగించొచ్చు.
- బాణలి కాడ బయటికి రాకుండా లోపలివైపు తిప్పి పెట్టాలి. రుచి చూడాలని వేడి పాకంలో వేలు పెట్టకూడదు. చుక్క నీళ్లలో పడ్డాకే ముట్టుకోవాలి.
- చెయ్యి కాలితే వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, ఐసు, నూనె పూయొద్దు. బొబ్బలు పెద్దవైతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.
- అయిదేళ్లలోపు పిల్లలకు పల్లీలు పలుకుగా ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడొచ్చు. మెత్తగా దంచి ఉండ చేసి పెట్టాలి. పల్లీలు, నువ్వులు పడనివాళ్లూ ఉంటారు. ఇరుగుపొరుగు పిల్లలకు పెట్టేముందు ఒక మాట అడగడం మంచిది.
- అడుగంటిన బాణలిని గీకుతూ కూర్చోవద్దు. నీళ్లు పోసి మరిగిస్తే పాకం దానంతటదే కరిగిపోతుంది.

నలుగురూ బాగుందన్నాక అమ్మాలనే ఆలోచన రావడం సహజం. అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపుల్లో పండగ ఆర్డర్లతో మొదలైన వ్యాపారాలు ఇప్పుడు తక్కువేం కాదు. అయితే ఇంటినుంచి అమ్మినా సరే, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. ప్యాకెట్ మీద తయారైన తేదీ, వాడిన దినుసులు రాయడం కూడా అందులో భాగమే.

ఎక్కడ తప్పుతోంది?

పట్టీ పళ్లకు అంటుకుంటోందా? పాకం ముదరలేదు. మళ్లీ కరిగించి రెండు నిమిషాలు ఉంచండి. పల్లీలు రాలిపోతున్నాయా? బెల్లం తక్కువైంది, లేదా కలపడంలో ఆలస్యమైంది. చేదుగా ఉందా? సెగ ఎక్కువైంది. దానికి మందు లేదు, మరోసారి చేయడమే. పంచదార పాకం పలుకులు కట్టిందా? కంగారు వద్దు, కొద్దిగా నీళ్లు పోసి మొదటినుంచి కరిగించండి. పోయేది పది నిమిషాలే.

కొలతలకు కొదవ లేదు. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' నుంచి నేటి యూట్యూబ్ దాకా ఎన్ని కావాలంటే అన్ని. కానీ పాకం మెరుపు మారడం, బుడగ చిన్నదవడం, వాసన కమ్మగా తిరగడం, చన్నీళ్లలో చుక్క బిగుసుకోవడం... ఇవి తెలిసేది పొయ్యి పక్కన నిలబడ్డప్పుడే. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం ఆవిడకో కుర్చీ వేసి, వంటింట్లో కూర్చోబెట్టండి. గరిటె మీ అమ్మాయి చేతికో, అబ్బాయి చేతికో ఇవ్వండి. కాస్త ఎదిగిన పిల్లలైతే సరే, చిన్నవాళ్లయితే గిన్నెలో చుక్క చూసి చెప్పే పని ఇవ్వండి. మొదటి పట్టీ రాయిలా రావొచ్చు. ఏం ఫర్వాలేదు... రెండోదానికి చెయ్యి తిరుగుతుంది!